కోన్ల మధ్య కారు, 4వ పాఠం: "బండి తిరగట్లేదు మాస్టారూ"

కోన్లు పెట్టిన దారిలో, వాటిని తాకకుండా కారు వేగంగా నడిపే పోటీకి నేర్చుకుంటున్నాం కదా. పోయిన పాఠంలో రెండు మాటలు చెప్పాను. కోన్లు దొరక్కపోతే కొబ్బరి డొక్కలు పెట్టుకోండి అన్నాను. మలుపు ముందు, స్టీరింగ్ తిన్నగా ఉండగానే బ్రేక్ గట్టిగా తొక్కండి అన్నాను. రెండూ నా మెడకే చుట్టుకున్నాయి. మలికిపురం కుర్రాడొకడు డొక్కలు ఏరుకునే ఓపిక లేక దింపు తీసిన కాయలే వరసగా పెట్టేశాడట, రెండో రౌండుకే బంపర్ క్లిప్పులు ఊడి చేతికొచ్చాయి. డొక్క అంటే వట్టి పీచు నాయనా, లోపల కాయ ఉండకూడదు.

రెండోది పెద్ద గొడవ. "మీరు చెప్పినట్టే తొక్కాం, వదిలాం, తిప్పాం, బండి మాత్రం తిన్నగా కోన్ మీదకే పోయింది" అని తొమ్మిది మంది రాశారు. తణుకు నుంచి ఒకాయన వీడియో కూడా పంపారు. స్టీరింగ్ ఒక చుట్టు పూర్తిగా తిరిగిపోయింది, ముందు టైర్లు కుయ్యోమంటున్నాయి, బండి మటుకు పెళ్లివారి బస్సులా ముందుకే పోతోంది. అందుకని ఈసారి స్లాలమ్, అంటే వరస కోన్ల మధ్య పాములా మెలికలు తిరుగుతూ పోవడం, మొదలుపెడదామనుకున్నది పక్కన పెట్టేశాను. హెల్మెట్, బెల్టు, సీటు దూరం గురించి మళ్లీ రాయను, అవి మీకు తెలుసు.

ఇందులో సగం తప్పు నాదే. బ్రేక్ ఎలా తొక్కాలో రాశాను, ఎలా వదలాలో రాయలేదు. బ్రేక్ తొక్కితే బండి ముక్కు కిందికి దిగుతుంది, అంటే బరువు ముందు టైర్ల మీదకి వస్తుంది, బరువు పడిన టైరుకి పట్టు ఎక్కువ. మీరేం చేస్తున్నారంటే మలుపు దగ్గర కాలు ఠక్కున తీసేస్తున్నారు. ముక్కు పైకి లేస్తుంది, ముందు టైర్లు తేలికవుతాయి, సరిగ్గా ఆ క్షణంలో స్టీరింగ్ తిప్పుతున్నారు. పట్టు పోయాక అడిగితే టైరు ఏం ఇస్తుంది? చెయ్యి తిప్పడం మొదలయ్యేసరికి పెడల్ మీద ఇంకా కొంచెం కాలు ఉండాలి, స్టీరింగ్ పెరిగే కొద్దీ ఆ కాలు తేలికవ్వాలి. బిందెలో నీళ్లు తొణక్కుండా నేల మీద దించినట్టు. ఇది రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది, దీని మీద నాకేం బెంగ లేదు.

నా బెంగంతా రెండో దాని మీద. బండి తిరగకపోతే ఇంకా తిప్పడం.

ఇదొక్కటీ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే పదేళ్లుగా కారు నడిపేవాళ్లు కూడా ఇదే చేస్తారు. టైరు చూసే దిక్కు ఒకటి, బండి నిజంగా వెళ్లే దిక్కు ఇంకొకటి, ఈ రెంటికీ మధ్య కొంచెం కోణం ఉంటుంది. ఆ కోణం పెరిగే కొద్దీ పట్టు పెరుగుతుంది, కానీ ఒక హద్దు వరకే. మనం వాడే మామూలు రోడ్డు టైర్లకి ఆ హద్దు సుమారు 6 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంటుంది. అది దాటాక మీరెంత తిప్పితే పట్టు అంత తగ్గుతుంది, టైరు బండిని తిప్పడం మానేసి అడ్డంగా ఈడ్చుకుపోతుంది. చాలా చిన్న కార్లలో స్టీరింగ్ 15 డిగ్రీలు తిప్పితే చక్రం 1 డిగ్రీ తిరుగుతుంది అనుకోండి. తణుకాయన ఒక చుట్టు తిప్పారంటే చక్రం 24 డిగ్రీలు తిరిగింది. ఆ మలుపుకి 12 డిగ్రీలు చాలు (ఇది చక్రం తిరిగే కోణం, ఇందాక చెప్పిన పట్టు కోణం వేరు). మిగతాదంతా రబ్బరు అరగదీసుకోవడమే.

నమ్మకం కుదరకపోతే దమ్ము చేసే చేలోకి వెళ్లి నిలబడండి. ట్రాక్టర్ డ్రైవరు చేను చివర ముందు చక్రాలు పూర్తిగా తిప్పినా బండి బురదని తోసుకుంటూ ముందుకే పోతుంది, తిరగదు. ఆయనకది తెలుసు, అందుకే లోపలి వైపు వెనక చక్రం బ్రేక్ ఒక్కటే తొక్కి గిర్రున తిప్పేస్తాడు. మన కారుకి అలా ఒక్కో వెనక చక్రానికి విడిగా బ్రేక్ పెడల్ లేదు కదా. మనకున్న మందు ఒక్కటే: తిప్పిన స్టీరింగ్‌ని కొంచెం వెనక్కి ఇవ్వడం. బెత్తెడు చాలు. మనసు ఒప్పుకోదు, ఎదురుగా కోన్ ఉంటే స్టీరింగ్ అవతలికి ఎలా ఇస్తాం అనిపిస్తుంది. ఇవ్వండి. యాక్సిలరేటర్ కూడా కొద్దిగా తగ్గించండి, పూర్తిగా వదలొద్దు. కీచుమనే మోత కాస్త బొంగురుగా మారుతుంది, ముక్కు లోపలికి వస్తుంది. నేను మొదటిసారి ఇది చేసినప్పుడు ఎవరో పక్కనుంచి బండిని తోశారేమో అనుకున్నాను.

మనవన్నీ, అంటే స్విఫ్టో ఐ20నో పోలోనో, ముందు చక్రాలతో నడిచే బళ్లు. తిప్పేదీ అవే, లాగేదీ అవే, బ్రేక్‌లో పెద్ద వాటా మోసేదీ అవే. మలుపు మధ్యలో తిరగట్లేదని యాక్సిలరేటర్ తొక్కేవాళ్లు తిప్పే పనికి తోడు లాగే పని కూడా వాటి నెత్తినే పెడుతున్నారు. ఇంకో సంగతి, కోన్ తగిలితే శిక్ష ఉంటుంది. అమెరికాలో ఎస్‌సీసీఏ అనే కార్ల క్లబ్బు పోటీల్లో ఒక్కో కోన్‌కి 2 సెకన్లు కలుపుతారు. మన దగ్గర ఏ పోటీకి ఆ పోటీ రూల్సు, ముందు చదువుకుని వెళ్లండి.

ఇక బండి సెటప్. భీమవరం నుంచి ఒకరు స్ప్రింగులు కోయించమంటారా అని అడిగారు. వద్దు. మీ ఊరి రోడ్డు మీకు తెలుసు, నాకూ తెలుసు. రూపాయి సుద్దముక్క కొనుక్కోండి చాలు. టైరు రోడ్డుకి ఆనే భాగం అయిపోయి పక్క గోడ మొదలయ్యే అంచు మీద మూడు చోట్ల అడ్డగీతలు గీయండి, ఒక రౌండు వేసి చూడండి. చాలా టైర్లకి ఆ అంచు దగ్గర చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. సుద్ద దాన్ని దాటి పక్క గోడ మీద కూడా చెరిగిపోతే టైరు పక్కకి పొర్లుతోందని అర్థం, గాలి 2 పీఎస్ఐ (గేజీలో గాలి ఒత్తిడి కొలత) పెంచండి. అంచు దాకా కూడా చెరక్కపోతే గాలి ఎక్కువైంది, తగ్గించండి. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీదున్న గాలి నంబరుకి ముందు టైర్లలో 4 కలిపి మొదలుపెట్టండి, టైరు చల్లగా ఉన్నప్పుడు. నాలుగు రౌండ్లయ్యాక వేడికి ఇంకో 3, 4 పెరుగుతుంది, మళ్లీ కొలవాలి. టైరు గోడ మీద రాసిన గరిష్ఠం మాత్రం ఎప్పుడూ దాటొద్దు. గేజీ సొంతది కొనుక్కోండి. ఒక బంకులో 33 అన్న గాలి నా గేజీలో 29 చూపించింది, అప్పటిదాకా నేను తిట్టింది నా డ్రైవింగ్‌ని. వెనక టైర్లలో ముందుకన్నా ఎక్కువ పెడితే తోక తేలికవుతుంది, అంటే బండి వెనక భాగం పక్కకి జారడానికి చూస్తుంది. నాకది ఇష్టం, మీకు ఇప్పుడే వద్దు.

ప్రాక్టీసు. కాలవ గట్టు మీద కాదు, ఇది మూడోసారి చెప్పడం. సార్వా ధాన్యం వెళ్లిపోయి దాళ్వా ఇంకా రాని రోజుల్లో రైస్ మిల్లు ఆరబోత కళ్లం ఖాళీగా ఉంటుంది, యజమానిని అడిగి తీసుకోండి. చుట్టూ గోడా స్తంభం లేకుండా కనీసం 40 మీటర్లు ఉండాలి. ముందు తుడవండి, సిమెంటు మీద మిగిలిన వడ్లగింజలు టైరు కింద గోళీల్లా దొర్లుతాయి. మధ్యలో మేకు పెట్టి 12 మీటర్ల నైలాన్ తాడుతో సుద్దగీత గీయండి, మీ బండి ఆ గీత మీద తిరగాలి. స్టీరింగ్ నడినెత్తిన ఎర్ర టేపు ముక్క అంటించండి.

మొదట గంటకి 15 కిలోమీటర్ల వేగంలో ఒక చుట్టు. టేపు దాదాపు కిందకి, అంటే అర చుట్టు దగ్గరకి వస్తుంది. అదే మీ లెక్క. తర్వాత మెల్లగా వేగం పెంచండి. ఏ వేగంలోనైనా టేపు అక్కడి నుంచి ఇంకో రెండు బెత్తెలు దాటితే మీరు టైరుని ఈడుస్తున్నట్టే, బెత్తెడు వెనక్కి ఇచ్చి గీత మీదకి వస్తోందో లేదో చూడండి. స్పీడోమీటర్ని నమ్మొద్దు, పక్కన ఒకర్ని స్టాప్‌వాచ్‌తో నిలబెట్టండి. ఒక చుట్టు 75 మీటర్ల పైన చిల్లర: 9 సెకన్లలో వస్తే గంటకి 30 కిలోమీటర్లు, 8కి వస్తే 34. దుమ్ము సిమెంటు మీద 9 వస్తే నేను మెచ్చుకుంటాను.

ఎడమకి 20 చుట్లు, కుడికి 20. అయిదేసి చుట్లకి ఒకసారి ఆగి టైర్లు చల్లారనివ్వండి, సుద్ద చూడండి, గాలి కొలవండి, అంతా కాగితం మీద రాయండి. నంబర్లు లేకుండా "బాగా వచ్చింది సార్" అని రాసినవాళ్లకి నేను జవాబివ్వను. ఇంటికి బయల్దేరే ముందు గాలి స్టిక్కర్ నంబరుకి దించండి, ఈ గాలితో 216 హైవే ఎక్కొద్దు. కళ్లం మీద పడ్డ టైరు నలుపు కూడా కడిగి ఇవ్వండి. ఆ నలుపు ధాన్యానికి అంటిందంటే మిల్లాయన రెండోసారి గేటు తియ్యడు, ఆయ్.