షేప్‌ఫైల్ చదివే చిన్న లైబ్రరీని ఎలా నిర్మించాలి?

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల గ్రామాల హద్దులను పటంపై చూపే ప్రోగ్రామ్ రాయాలనుకునే వారికి ఆ సమాచారం తరచుగా షేప్‌ఫైల్ రూపంలోనే, అంటే పటంలోని ఆకారాలనూ వాటి వివరాలనూ కొన్ని జత ఫైళ్లలో దాచే రూపంలోనే దొరుకుతుంది. దానిని చదవడానికి జీడాల్ (GDAL) వంటి పెద్ద లైబ్రరీ ఉన్నప్పటికీ, ఫోనులో నడిచే చిన్న ప్రోగ్రామ్‌కు తేలికైన సొంత లైబ్రరీ అవసరం కావచ్చు. ఈ రూపాన్ని తయారుచేసిన ఎస్రీ (Esri) సంస్థ 1998లో ప్రచురించిన వివరణ పత్రం అందుకు సరిపోతుంది.

ముందుగా ఒక నియమం పెట్టుకోండి: ఫైలులో ఉన్నది లైబ్రరీ అప్పగించాలి, లేనిదానిని ఊహించి నింపకూడదు.

తరువాత, ఆకారాలు ఉండే .shp ఫైలులోని మొదటి 100 బైట్లు చదవండి. తొలి నాలుగు బైట్లలో 9994 అనే సంఖ్య లేకపోతే అక్కడే ఆపి, కారణం చెప్పండి. ఈ సంఖ్యలోనూ, ఫైలు పొడవులోనూ పెద్ద బైటు ముందు వస్తుంది. ఆకారపు రకంలోనూ, నిర్దేశాంకాలలోనూ (బిందువు చోటును తెలిపే అంకెలలోనూ) చిన్న బైటు ముందు వస్తుంది. పైగా పొడవును రెండేసి బైట్ల లెక్కన రాస్తారు. అందువల్ల రెండు క్రమాలకు రెండు వేర్వేరు ఫంక్షన్లు ఉండడమే క్షేమం.

రికార్డులను ఒక్కొక్కటిగా అందించండి, ఫైలు మొత్తాన్ని మెమరీలోకి ఎక్కించకండి. ప్రతి బహుభుజి రికార్డులో బిందువుల కంటే ముందే ఆ ఆకారం మొత్తం ఇమిడే దీర్ఘచతురస్రపు హద్దులు ఉంటాయి కనుక, వాడుకరి పర్లాకిమిడి పరిసరాలు మాత్రమే అడిగితే మిగిలిన బిందువులను చదవకుండానే దాటవచ్చు. బిందువులు లేని ఖాళీ ఆకారపు రికార్డును మాత్రం వదిలేయకండి, ఆకారాలకూ, ఊరి పేర్ల వంటి వివరాలుండే .dbf పట్టికలోని వరుసలకూ జత కుదిరేది క్రమాన్ని బట్టే, ఒకటి జారితే తరువాతి ఊళ్ల పేర్లన్నీ పక్క ఊళ్లకు అంటుకుంటాయి.

మన సరిహద్దు ప్రాంతానికి అక్షరాల సమస్య ముఖ్యమైనది. ఒకే పట్టికలో ఊరి పేరు తెలుగులోనూ ఒడియాలోనూ ఉండవచ్చు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ రెండు లిపుల ప్రతి సంకేతానికీ మూడు బైట్లు పడతాయి, కాలమ్ పేరుకు ఉన్న చోటు మాత్రం పది బైట్లే. ‘గ్రామం’ అని పెడితే ‘గ్ర’ వరకు పట్టి, ఒక తెగిన బైటు మిగులుతుంది. అక్షరాలను ఏ పద్ధతిలో బైట్లుగా రాశారో (సంకేతనం) చెప్పేది .cpg ఫైలు, అది చెప్పిన సంకేతనాన్నే వాడండి. అది లేకపోతే వాడుకరినే అడగండి. బైట్లను అక్షరాలుగా మార్చలేకపోతే ముడి బైట్లను అలాగే ఇవ్వండి, ఎందుకంటే ప్రశ్నార్థకాలుగా మార్చేసిన ఊరి పేరును తిరిగి రాబట్టలేము.

నిర్దేశాంక వ్యవస్థ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. భూమిని ఆరేసి డిగ్రీల మండలాలుగా విభజించి చోటును మీటర్లలో చెప్పే యూటీఎం వ్యవస్థలో 44, 45 మండలాలను విడదీసే 84 డిగ్రీల రేఖాంశం గుణుపురానికీ పర్లాకిమిడికీ మధ్యగా పోతుంది. నిర్దేశాంకాల అంకెలు అవే అయినా మండలం మారితే చోటు 600 కిలోమీటర్లకు పైగా జరుగుతుంది. కాబట్టి ఏ వ్యవస్థ వాడారో చెప్పే .prj ఫైలు లేనప్పుడు వ్యవస్థ ‘తెలియదు’ అనే ఫలితమే రావాలి. డిగ్రీలలో ఉన్న ఫైలుకైతే రేఖాంశం ముందు, అక్షాంశం తరువాత వచ్చే క్రమాన్నే పాటించండి. పటాల సమాచారానికే వాడే మరో ఫైలు రూపమైన జియోజేసన్ (GeoJSON) 2016 నాటి ప్రమాణంలోనూ ఇదే క్రమం.

చివరగా, సగంలో తెగిన ఫైలు, .prj లేని ఫైలు, రెండు లిపుల పేర్లున్న ఫైలు, 84 డిగ్రీలకు ఇరువైపులా గ్రామాలున్న ఫైలు సిద్ధం చేసుకుని, మార్పు చేసిన ప్రతిసారీ వాటన్నిటినీ చదివించి చూడండి.