శ్రీకాకుళం రోడ్‌లో రైలు ఎక్కాలన్నా, దిగాలన్నా

శ్రీకాకుళం వెళ్లేవాళ్లు రైలు దిగేది ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో. పట్నం అక్కడికి సుమారు 13 కిలోమీటర్లు. స్టేషన్ పేరు చివర ‘రోడ్’ ఉందంటే అసలు ఊరికి ఇంకా దారి ఉందనే లెక్క. భద్రాచలం రోడ్ కూడా అంతే: ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో, రాములవారి గుడి ఇంకో 40 కిలోమీటర్లు.

రైలు టికెట్ యాప్‌లో ‘ఆమదాలవలస’ అని కొట్టి దొరకలేదని కంగారుపడొద్దు. ‘శ్రీకాకుళం రోడ్’ అని గానీ, ‘సీహెచ్ఈ’ అని గానీ కొట్టండి. ఆ కోడ్‌లో శ్రీకాకుళం ఎక్కడుందంటారా? ఇంగ్లీషువాళ్లు ఈ ఊరిని చికాకోల్ అనేవాళ్లు. ఊరి పేరు మారినా కోడ్ మారలేదు. విజయవాడకు బీజెడ్ఏ (బెజవాడ), కాకినాడ టౌన్‌కు సీసీటీ (కోకనాడ) మిగిలింది ఇలాగే.

జనరల్ టికెట్ ఫోన్‌లో తీసేవాళ్లు స్టేషన్ లోపలికి వచ్చాక ప్రయత్నిస్తే, పట్టాల దగ్గరున్నారని యాప్ ఒప్పుకోదు. బయటే తీసుకోండి, లేదా స్టేషన్‌లో అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. 199 కిలోమీటర్ల లోపు టికెట్ అయితే, తీసిన 3 గంటల్లోపు లేదా ఆ ఊరికి వెళ్లే మొదటి రైలు బయల్దేరేలోపు, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా, ఎక్కేయాలి. పొద్దున తీసి సాయంత్రం ఎక్కుదామంటే కుదరదు. విశాఖ ప్రయాణాలన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. సాగనంపడానికి వచ్చేవాళ్లకు 10 రూపాయల ప్లాట్‌ఫాం టికెట్ 2 గంటలు చెల్లుతుంది.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. తత్కాల్ ముందురోజు ఏసీకి ఉదయం 10కి, స్లీపర్‌కు 11కి. ఓటీపీ వచ్చే ఫోన్ కౌంటర్‌కు తీసుకెళ్లండి, ఇంట్లో పెట్టి వస్తే క్యూ మొత్తం వృథా.

రైలు ఆగేది కొద్ది నిమిషాలే. మీ బోగీ ఎక్కడ ఆగుతుందో ముందే అడిగి అక్కడ నిలబడండి. రైలు వచ్చాక సామానుతో పరిగెత్తే పని ముసలివాళ్లతో సాగదు.

దిగేవాళ్లకు గుర్తులు నదులే. విశాఖ వైపు నుంచి వస్తే పొందూరు దాటాక నాగావళి వంతెన, పలాస వైపు నుంచి వస్తే వంశధార వంతెన. చక్రాల చప్పుడు బోలుగా మారిందంటే వంతెన ఎక్కినట్టే, అప్పటికే సామాను తలుపు దగ్గరుండాలి. రాత్రి నిద్రపోయేవాళ్లు 139కి ఫోన్ చేసి దిగే స్టేషన్ అలర్ట్ పెట్టుకోవచ్చు.

బయట ఆటో మాట్లాడేటప్పుడు ‘శ్రీకాకుళం’ అని ఊరుకోకండి. ఆర్టీసీ కాంప్లెక్సా, ఏడు రోడ్ల జంక్షనా, అరసవల్లి గుడా చెప్పి, రేటు తేల్చుకున్నాకే ఎక్కండి.