లారీ ఆఫీసులో డిస్పాచ్ పనికి వెళ్దామనుకునేవాళ్ళకి

మొన్న మా తమ్ముడి ఫ్రెండ్ ఒకడు ఫోన్ చేసి "అన్నా, ట్రక్ డిస్పాచర్ కోర్సంట, ముప్పై వేలు కట్టమంటున్నారు, కట్టనా" అన్నాడు. వద్దురా బాబూ అన్నాను. బెజవాడ ఆటోనగర్‌లో ఏదో ఒక లారీ ఆఫీసులో మూడ్నెల్లు కూర్చుంటే వాళ్ళే ఎంతో కొంత చేతిలో పెట్టి మరీ నేర్పిస్తారు, జీతం మొదట్లో తక్కువే, కానీ నీ జేబులోంచి పోయేదేమీ లేదు కదా. డిస్పాచ్ అంటే ఏ సరుకుకి ఏ బండి పంపాలో కుదర్చడం, దాని కాయితాలు, కిరాయి చూసుకోవడం. వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా.

ముందు బండ్లు గుర్తుపట్టడం రావాలి. టైర్లు లెక్కపెట్టు, ఆరా, పదా, పన్నెండా, పద్నాలుగా. బండి మీద 2818 అనో 3518 అనో మోడల్ నంబర్ ఉంటుంది చూడు, అందులో మొదటి రెండంకెలు సరుకుతో కలిపి బండి మొత్తం బరువు టన్నుల్లో, చివరి రెండంకెల పక్కన సున్నా పెడితే హార్స్‌పవర్. ఆ మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే ఎంత ఎక్కించొచ్చో తెలుస్తుంది, పది టైర్ల బండికి సుమారు 18 టన్నులు, కానీ చివరికి ఆర్‌సీలో రాసిందే లెక్క. ఓవర్‌లోడు దొరికితే 20,000 ఫైను, పైన ప్రతి అదనపు టన్నుకీ ఇంకో 2,000, ఎక్కువున్న సరుకు అక్కడే దింపించాలి. మళ్ళీ అన్ని సరుకులకీ టన్నుల లెక్క పనికిరాదు, సిమెంటైతే బండి సగం కూడా నిండకుండానే బరువు అయిపోతుంది, గుంటూరు మిర్చి అయితే బరువు రాకముందే చోటు అయిపోతుంది. అందుకే సరుకు పంపే పార్టీ ఫోన్ చేస్తే ఎన్ని టన్నులు అని కాదు, ఏం సరుకు, ఎన్ని బస్తాలు అని అడగాలి.

కొత్త బండి వస్తే ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్, డ్రైవర్ లైసెన్స్ అన్నీ చూడాలి, ఫోటో వాట్సాప్‌లో పంపాడు కదా అని వదిలెయ్యకు, ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో నంబర్ కొట్టి చూసుకో, చాసిస్ నంబర్ బండి మీద ఉన్నదానితో కలుస్తుందో లేదో చూడు. దొంగ నంబర్ ప్లేటు బండి లోడెత్తుకుని పోతే ఆ సరుకు విలువ నీ ఆఫీసు మెడకే చుట్టుకుంటుంది.

ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకి జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే బిల్లు, దాని గురించి కాస్త ఎక్కువే చెప్తా, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. సరుకు విలువ 50,000 దాటితే బిల్లు ఉండాలి, 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున గడువు. బెజవాడ నుంచి చెన్నై 450 అటూ ఇటూ, అంటే మూడు రోజులు, చాలా టైమే అనిపిస్తుంది. నా మొదటి ఏడాదిలో అదే రూట్‌లో ఒక బండి నెల్లూరు దగ్గర గేర్‌బాక్స్ పోయి ఆగింది, మెకానిక్ రేపు అంటూ రెండు రోజులు తిప్పాడు, వేరే బండిలోకి సరుకు మార్చి పంపించాను గానీ ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బీలో కొత్త బండి నంబర్ ఎక్కించాలన్న సంగతే మర్చిపోయా, గడువు కూడా దాటింది. చెకింగ్‌లో పట్టుకున్నారు, పన్నుకి రెండింతలు పెనాల్టీ. గడువు పొడిగించాలంటే అయిపోవడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, అయిపోయాక ఎనిమిది గంటల లోపే చెయ్యాలి, అందుకే ఇప్పటికీ ప్రతి బండికీ ఫోన్‌లో అలారం పెట్టుకుంటా. మా ఆవిడ ఆ మోతకి అలవాటు పడిపోయింది.

ఇక కిరాయి. కొత్తవాళ్ళు కిలోమీటరుకి ఇంత అని లెక్కేస్తారు, అలా కుదరదు. లోడుతో ఉన్న పన్నెండు టైర్ల బండి లీటరుకి మూడున్నర, నాలుగు కిలోమీటర్లు ఇస్తుంది, ఖాళీగా వెనక్కి రావాలన్నా డీజిల్ పొయ్యాలి, టోలు కట్టాలి. చెన్నైలో దింపితే ఏదో ఒక రిటర్న్ లోడు దొరుకుతుందన్న ధీమా ఉంటుంది కాబట్టి ఓనరు తక్కువకైనా వస్తాడు, అదే ఒడిశాలోని కోరాపుట్ వైపు అను, ఘాట్ ఎక్కాలి, అక్కణ్ణుంచి లోడు ఎప్పుడు దొరుకుతుందో ఏమో అని రెండు వైపుల కిరాయీ అడుగుతాడు, అడగడంలో తప్పు లేదు. కాబట్టి ఒక నోట్‌బుక్ పెట్టుకుని రేపు పొద్దున ఏ బండి ఎక్కడ ఖాళీ అవుతుందో రోజూ రాసుకో. సరుకు దిగకముందే "అన్నా, అన్‌లోడింగ్ అవ్వగానే పక్క ఊళ్ళో లోడుంది, వెళ్తావా" అని అడిగే గుమాస్తా ఫోనే డ్రైవర్లు ఎత్తుతారు. దీనికి సీజన్లు తెలియాలి, ఎండాకాలం నూజివీడు మామిడికాయలు, గుంటూరు యార్డు మిర్చి ఎప్పుడు జోరుగా దిగుతుంది, భీమవరం, ఆకివీడు చేపల బండ్లు ఎటు పోతాయి. చేపల బండి జోలికి మాత్రం కొత్తలో పోకు, ఐసు కరిగితే నీ పని కూడా కరిగినట్టే.

డబ్బు దగ్గర నోటిమాట వద్దు. అడ్వాన్స్ ఎంత, హమాలీ ఎవరిది, కాటా (తూకం) ఖర్చు ఎవరిది, హాల్టింగ్ (బండి ఆగి ఉన్నందుకు ఇచ్చే డబ్బు) ఎన్నో రోజు నుంచి మొదలు, బండి కదలకముందే వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఒప్పించుకో. సరుకు దిగాక సంతకం, స్టాంపు ఉన్న ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీ చేతికి వస్తేనే బ్యాలెన్స్ కదులుతుంది, డ్రైవర్‌కి ఆ కాయితం ఫోటో అక్కడి నుంచే పంపమని చెప్పు. పది బండ్లకి మించని ఓనరైతే పాన్, డిక్లరేషన్ ముందే తీసుకో, లేకపోతే కిరాయిలోంచి టీడీఎస్ (ముందే పట్టుకునే ఇన్‌కమ్ ట్యాక్స్) కట్ అయిందని నీతోనే గొడవ.

హిందీ కొంచెమైనా రావాలి, బండి నాగపూర్ దాటిందంటే మన తెలుగు పనిచెయ్యదు. డ్రైవర్ నిద్రొస్తోంది అంటే పడుకోమను, పార్టీకి నువ్వు సర్దిచెప్పుకో.

ఆఫీసుల్లో పని అడగడానికి పొద్దున పదకొండు దాటాక వెళ్ళు, అప్పటికి రాత్రి బండ్ల లెక్కలు తేలి టీ తాగుతుంటారు. సాయంత్రం నాలుగు తర్వాత మాత్రం వెళ్ళకు, లోడింగ్ టైము, నిన్ను ఎవరూ తలెత్తి కూడా చూడరు.