ఇంట్లో కాంతి ప్రయోగాలు – 7వ పాఠం: లేజర్ కన్నా ముందు గది

గత పాఠంలో లేజర్‌తో వెంట్రుక మందం కొలిచాం. ఈసారి సీడీ మీది గీతల ఎడం కొలవాలి. మీరు రాసి పంపినవి చదివాక దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేశాను. చాలామంది గోడ మీద పడే కాంతి చారలు బాగా కనిపించాలని లైట్లన్నీ ఆర్పేశారు. కొందరు ఎర్ర లేజర్ చాలడం లేదని ఆన్‌లైన్‌లో గ్రీన్ పాయింటర్ తెప్పించుకున్నారు. ఒకరికి దేవుడి పటం అద్దం మీంచి వెలుగు కంట్లో పడి, చూపు మధ్యలో మచ్చ కనిపించిందట. అలాంటి మచ్చ ఎవరికైనా ఉంటే ఈ పాఠం పక్కన పెట్టి ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కంటి వెనుక పొర రెటీనాకు నొప్పి తెలియదు. నొప్పి లేదు కాబట్టి దెబ్బ తగల్లేదనుకోకండి.

కిరణంలోకి నేరుగా చూడొద్దని, పిల్లల చేతికివ్వొద్దని మళ్ళీ చెప్పను. మీకు తెలుసు.

మనకు కావలసింది క్లాస్ 2, అంటే 1 మిల్లీవాట్ లోపు ఎర్ర లేజర్. కళ్ళు మిరుమిట్లు గొలిపితే పావు సెకనులో రెప్ప పడుతుంది. ఆ పావు సెకను దృష్టిలో పెట్టుకుని గీసిన హద్దు అది. 100 మిల్లీవాట్ల లేజర్ అయితే రెప్ప వేగం చాలదు. పైగా చీకట్లో కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. నేను ట్యూబ్‌లైట్ వేసే చేస్తాను. చారలు మసగ్గా ఉంటే గోడకు తెల్లకాగితం అంటించి కర్టెన్ వేస్తాను, అంతే.

చవక గ్రీన్ పాయింటర్ నాకు ఇష్టం లేదు. దాని లోపల మొదట పుట్టేది 808 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న పరారుణ కాంతి. అది 1064గా మారి, చివరికి 532 ఆకుపచ్చ అవుతుంది. మిగిలిన పరారుణాన్ని ఆపే ఫిల్టర్ పెట్టకపోతే అదీ బయటికొస్తుంది. కంటికి కనబడదు కాబట్టి రెప్ప కూడా పడదు. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పరీక్షించిన ఒక పాయింటర్‌ నుంచి దాదాపు 20 మిల్లీవాట్ల పరారుణం వచ్చింది.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన మాట: "కూలింగ్ గ్లాసెస్ పెట్టుకునే చేశాను సార్." మామూలు నల్ల కళ్ళద్దాలు వెలుగులో సుమారు పదో వంతు లోపలికి వదులుతాయి. 100 మిల్లీవాట్లు వస్తే 10 లోపలికి పోతాయి. అద్దం నల్లగా ఉంది కనుక దాని వెనుక కంటిపాప ఇంకా విచ్చుకుంటుంది. ధైర్యం పెరుగుతుంది, రక్షణ మాత్రం ఉండదు. అసలైన లేజర్ కళ్ళద్దాల మీద రెండు అంకెలు ఉంటాయి: ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ, అంటే వెలుగును ఎంతగా ఆపుతుందో చెప్పే అంకె), తరంగదైర్ఘ్యం. ఓడీ 1 అంటే పదో వంతు, 2 అంటే వందో వంతు, అలా ఓడీ 4 అంటే పదివేలలో ఒక వంతే లోపలికి వస్తుంది. కానీ ఆ లెక్క అద్దం మీద రాసి ఉన్న తరంగదైర్ఘ్యాలకే వర్తిస్తుంది. 190–540 అని ఉన్న నారింజ అద్దం 532 ఆకుపచ్చను ఆపుతుంది, 405 వయొలెట్‌నూ ఆపుతుంది. 650 ఎరుపును ఆపుతుందనుకోకండి, 808 పరారుణాన్ని అసలే నమ్మకండి. ఆకుపచ్చ లేజర్‌కు ఆకుపచ్చ అద్దం కొన్నవారూ ఉన్నారు. అద్దం ఏ రంగులో కనిపిస్తే ఆ రంగును లోపలికి వదులుతున్నట్టే కదా! లేజర్‌తో ఉచితంగా వచ్చి, ఏ అంకే లేని కళ్ళద్దాలను ఈ పనికి వాడకండి.

సీడీ కిరణాన్ని ఒకేసారి చాలా దిక్కులకు విసురుతుంది. అందుకే ఈ వారం అభ్యాసంలో లేజర్ ముట్టుకోవద్దు. లేజర్ పెట్టే చోట టార్చి పెట్టి, గదిలో మీరు కూర్చునే, నిలబడే ప్రతి చోటి నుంచీ చూడండి. బీరువా అద్దం, టీవీ, పటాలు, స్టీలు గిన్నెలు, పాలిష్ గ్రానైట్, చేతి గడియారం – తళుక్కుమన్న ప్రతిదాన్నీ గది పటం గీసి అందులో గుర్తించండి. తీయగలిగినవి తీయండి, మిగతావాటికి గుడ్డ కప్పండి. కిరణం మీ కంటి ఎత్తుకు బాగా కింద, గోడ దగ్గరే ఆగేలా బల్ల మార్చి మళ్ళీ మొదటి నుంచి చూడండి. ఒక లెక్క కూడా చేయండి: మామూలు అద్దం ఒక్కో ముఖం నుంచి సుమారు 4 శాతం వెనక్కి పంపుతుంది. 200 మిల్లీవాట్ల వయొలెట్ లేజర్ కిటికీ అద్దానికి తిన్నగా తగిలితే రెండు ముఖాలూ కలిపి ఎంత తిరిగొస్తుంది? దాన్ని 1 మిల్లీవాట్ లోపుకు తేవాలంటే కనీసం ఎంత ఓడీ కావాలి? జవాబుతో పాటు గది పటమూ పంపండి.