ఎండాకాలంలో రన్నింగ్ మానేయకుండా ఉండాలంటే

ఆగస్టులో హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్ (సుమారు 21 కిలోమీటర్లు) పరుగెత్తాలని జనవరిలో మొదలుపెట్టిన మనవాళ్లలో చాలామంది ఏప్రిల్, మే వచ్చేసరికి మానేస్తారు, అదీ కాళ్ల నొప్పులతో కాదు, టైమింగ్ మెరుగవట్లేదన్న బెంగతో. వరంగల్‌లో ఆ నెలల్లో తెల్లవారుజామున కూడా ఉక్కపోతే. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు ఎక్కువగా పోతుంది, అందుకే అదే స్పీడ్‌కి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. అంతే తప్ప మీ ఫిట్‌నెస్ ఎక్కడికీ పోలేదు, టెన్షన్ వద్దు.

ఆ రెండు నెలలు వాచీ పక్కన పెట్టేయండి. ఎన్ని నిమిషాలు పరుగెత్తారు, పక్కవాళ్లతో ఆగకుండా మాట్లాడగలిగారా, రాత్రి నిద్ర పట్టిందా, ఇవి మాత్రం ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. నెలకోసారి వరంగల్ భద్రకాళి చెరువు కట్ట (భద్రకాళి బండ్) మీద ఒకే వేళకి, ఒకే చోట మొదలుపెట్టి పరుగెత్తి, ఆయాసం ఎక్కడ మొదలైందో ఏ బెంచీనో చెట్టునో గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తు కాస్త ముందుకు జరిగినా చాలు, మర్నాడు అలారం మోగకముందే లేస్తారు.

మన వరంగల్ జిల్లా కల్లెడ ఊరి అమ్మాయి, పారా అథ్లెట్ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచింది 55.82 సెకన్లలో, దాని వెనక మాత్రం ఏళ్ల సాధన ఉంది.

లేవబుద్ధి కాని రోజు బూట్లు వేసుకుని పది నిమిషాలు మెల్లగా పరుగెత్తండి, అప్పటికీ ఒళ్లు వద్దంటే వెనక్కి వచ్చేయండి. జూన్‌లో వానలు పడి చల్లబడ్డాక వాచీ మళ్లీ పెట్టుకోవచ్చు.