మోహనంలో పాటకి హార్మనైజర్ పెట్టేటప్పుడు

బెంగళూరులో ఉగాది ప్రోగ్రాములకీ పెళ్లి రిసెప్షన్లకీ తెలుగు పాటలు పాడే మా బ్యాండులో గొంతులు రెండే. కోరస్ కావాలంటే హార్మనైజర్ పెడలే మాకు దిక్కు. పాడే గొంతుకి తోడుగా వేరే స్వరంలో ఇంకో గొంతు కలిపే, కాలితో నొక్కే పెట్టె అది.

కనెక్షన్ సులువే. మైకు వైరు పెడల్లోకి, అక్కడినుంచి మిక్సర్‌లోకి. మైకు డైనమిక్‌దే మేలు. కండెన్సర్ అయితే పక్కనున్న డ్రమ్స్‌ని కూడా లాగేసుకుంటుంది, పెడల్ ఆ మోతలో కూడా శ్రుతి వెతుకుతుంది. పాటలో అన్నిటికన్నా గట్టిగా పాడే లైను పాడుతూ, ఎర్ర లైటు వెలగని చోట గెయిన్ (మైకు నుంచి పెడల్లోకి వచ్చే మోత) పెంచడం ఆపండి. రివర్బ్ (గొంతుకి ప్రతిధ్వని కలిపేది) పెడల్లో ఉంటే మిక్సర్‌లో తీసేయమని సౌండ్ ఆయనకి ముందే చెప్పాలి. రెండు చోట్లా ఉంటే సాహిత్యం ఒక్క ముక్క అర్థం కాదు.

తర్వాత కీ. మన ఒకటిన్నర శ్రుతి అంటే సి షార్ప్, ఐదున్నర అంటే జి షార్ప్. గిటారిస్టు ఒకటో ఫ్రెట్‌లో కేపో (తీగల్ని అడ్డంగా నొక్కి పట్టే క్లిప్పు) బిగించి, సి కార్డు పట్టుకుని "సి మేజర్ అక్కా" అంటాడు. నమ్మకండి, వినబడేది సి షార్ప్. పెడల్లో పెట్టాల్సింది అదే.

అసలు చిక్కు రాగంతో. 1970ల మధ్యలో వచ్చిన ఈవెంటైడ్ హెచ్910 అనే పాత హార్మనైజర్‌కి స్కేల్ (పాటలో వాడే స్వరాల వరస) సంగతే తెలియదు, గొంతుని ఎంత జరపమంటే అంత జరిపేది. ఇప్పటి పెడల్స్‌కి మేజర్, మైనర్ తెలుసు. అంటే మన లెక్కలో శంకరాభరణం, నటభైరవి. మోహనంలో ఉన్న పాటకి మేజర్ పెట్టి, పై మూడో స్వరం ఎంచుకున్నారనుకోండి. సకి గ, గకి ప, దకి స వస్తాయి, హాయిగా ఉంటుంది. రికి మాత్రం మ, పకి ని వచ్చేస్తాయి. ఆ రెండూ మోహనంలో లేనివే! రాగాల పేర్లు తెలియనివాళ్లకి కూడా పాట దారి తప్పినట్టు తెలిసిపోతుంది.

అందుకే మోహనానికి నేను ఐదో స్వరం పెడతాను. సకి ప, రికి ద, పకి రి, దకి గ. ఒక్క గ దగ్గరే ని పలుకుతుంది, కాబట్టి గ మీద నిలిచే చోట హార్మనీ ఆపేస్తాను. కీరవాణి రాగానికి మామూలు మైనర్ పెడితే కాకలి నిషాదం (పై ని) రావాల్సిన చోట కైశికి నిషాదం (దానికన్నా కాస్త కింది ని) వస్తుంది. మీ పెడల్లో హార్మోనిక్ మైనర్ ఉంటే అది వాడండి. మాయామాళవగౌళ స్వరాలు మేజర్‌కీ మైనర్‌కీ కలవవు, దానికైతే కింది స్థాయి (అదే స్వరం కింద పలికేది) తప్ప ఇంకేమీ పెట్టను.

గమకం ఉన్న చోట అసలే వద్దు. మీ గొంతు రెండు స్వరాల మధ్య ఊగుతుంటే హార్మనీ మెట్లెక్కి దిగుతున్నట్టు గెంతుతుంది. చరణం ఒంటరిగా పాడి, పల్లవిలో సాదాగా నిలిచే స్వరాలకే వాడండి. లెవెల్ మానిటర్‌లో విని కాకుండా, హాలు వెనక ఎవరినైనా నిలబెట్టి అడిగి పెట్టుకోండి. ఇక కాలి నొక్కు పల్లవి మొదటి అక్షరం మీద పడకూడదు, దాని ముందు ఊపిరి తీసుకునేటప్పుడే పడాలి.