ఒక్క పిల్లాడి చార్టు: మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ఒక్క పిల్లాడి ప్రవర్తననే పదేపదే కొలిచి, చార్టులో గీతగా గీసి, థెరపీ పనిచేస్తోందో లేదో చూసే పద్ధతి ఇది. బెంగళూరు మారతహళ్లిలో మన తెలుగు పిల్లలకు థెరపీ చేసేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

– లెక్కపెట్టే ప్రవర్తనను "అల్లరి" అని రాస్తే కుదరదు. "కుర్చీలోంచి లేచి రెండడుగులు దాటడం" అని రాయండి.

– ఏ థెరపీ పద్ధతీ మొదలుపెట్టకముందు కనీసం 5 సార్లు కొలవండి, చార్టులో గీత నిలకడగా ఉండాలి. నేనోసారి మూడో రోజే బహుమతి స్టిక్కర్లు ఇచ్చేశాను. అల్లరి తగ్గిందని సంబరపడ్డాను. తీరా చూస్తే ఆ వారమే నెల్లూరు నుంచి అమ్మమ్మ దిగింది! తగ్గించింది స్టిక్కరో, అమ్మమ్మో ఇప్పటికీ తెలీదు.

– ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి. వాళ్ల లెక్కలు 80 శాతమైనా కలవకపోతే, ఆ ప్రవర్తనకు రాసుకున్న నిర్వచనం మార్చండి.

– తల గోడకేసి కొట్టుకునే పిల్లాడికి పనిచేస్తున్న పద్ధతిని, మార్పు దానివల్లే వచ్చిందా అని తేల్చుకోడానికి ఆపి చూడొద్దు. దానికి బదులు ఇల్లు, బడి, పార్కు: ఒకచోట మార్పు కనిపించాకే రెండోచోట మొదలుపెట్టండి.

– అమ్మానాన్నల సంతకం ముందే.